గోపులంక టైర్ల సీనియారిటీ

బదిలీ ఉత్తర్వు చేతికందిన రోజున కనకలింగేశ్వరరావు ఆఫీసంతా పూతరేకులు పంచిపెట్టాడు. తొందరపడ్డాడు. గోపులంక పురపాలక సంఘంలో వాహనాల విభాగానికి సూపరింటెండెంటుగా ఎనిమిదేళ్ళు వెలగబెట్టినవాడికి, ఉత్తర్వు రావడం వేరు, పై అధికారి రిలీవ్ చేసి వదలడం వేరు అని ఒకరు చెప్పాలా? అయినా పాపం, సంతోషంలో ఉన్న మనిషికి అలాంటివి గుర్తుండవు.

ఆ సంతోషం ఊరికే వచ్చింది కాదు. అతని భార్య హైమావతి ఏలేటిపాడు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. గోపులంక నుంచి అక్కడికి వెళ్ళాలంటే మూడు బస్సులు మారాలి. ఇతను సెలవు పెట్టి వెడితే ఆవిడకి నైట్ డ్యూటీ పడేది. ఆవిడ తీరిక చేసుకుని వస్తే ఇతనికి మంత్రిగారి పర్యటన పడేది. కాపురం పెట్టిన దగ్గర్నుంచీ ఆలుమగలిద్దరూ కలిసి ఒక్క పచ్చడి జాడీ అయినా ఖాళీ చేసిన పాపాన పోలేదు. ఇప్పుడు ఏలేటిపాడు మున్సిపాలిటీకే బదిలీ అయింది. నెలాఖరులోగా అక్కడ చేరాలి, చేరకపోతే ఉత్తర్వు చెల్లదు. కావలసిందల్లా కమిషనర్‌గారి సంతకం ఒక్కటే.

ఆ సంతకం కోసం వెళ్ళేసరికి కమిషనర్ త్రివిక్రమరావుగారు పోర్టికోలో తన కారు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. బూటు లేసు కట్టుకుందామని వంగిన మనిషి లేసు సంగతి మరిచిపోయి టైరు చదువుతున్నారు. ఆయన ఏది కనబడినా చదివే రకం. చదివినదాన్ని ఊరికే పోనిచ్చే రకం మాత్రం కాదు. కిందటేడు ఏదో శిక్షణకి వెళ్ళి ‘పారదర్శక పరిపాలన’ అనే మాట చదివి వచ్చి, ఆఫీసులో తలుపులన్నీ ఊడబీకించారు. బాత్రూము తలుపు దగ్గర ఉద్యోగుల సంఘం అడ్డం పడుకోబట్టి అదొక్కటి దక్కింది.

“కనకలింగం, ఇటు రావయ్యా. దీనిమీద రాసిందేమిటి?”

వాహనాల విభాగం కనక తెలియదనడానికి లేదు. కనకలింగం కూడా పక్కన చతికిలబడి విడమరిచి చెప్పాడు. “మొదట ఉన్న నూట ఎనభై అయిదు టైరు వెడల్పండి, మిల్లీమీటర్లలో. గీత పక్కనున్న అరవై అయిదు, వెడల్పులో నూటికి ఎంత ఎత్తుందో చెబుతుంది. ఆర్ పక్కన పదిహేను లోపలి చక్రం అంగుళాలు. ఎనభై ఎనిమిది అంటే అయిదు వందల అరవై కిలోల బరువు మోస్తుందని లెక్క. చివర ఎస్ అంటే, గంటకి నూట ఎనభై కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. అంతకు మించి తోలితే వేడెక్కి పేలుతుందండి.”

చెప్పి ఊరుకున్నాడా? “ఒక్కొక్క టైరుకి ఒక్కొక్క అక్షరం ఉంటుందండి” అని కూడా అన్నాడు. ఆ ముక్క ఎందుకన్నానురా భగవంతుడా అని తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

కమిషనర్‌గారు లేచి పక్క కారు దగ్గరికి నడిచారు. అది శానిటరీ ఇన్‌స్పెక్టర్ సుబ్బిశెట్టిది. ఈమధ్యే కొత్త టైర్లు వేయించారు. దానిమీద తొంభై ఒకటి, హెచ్ అని ఉంది.

“హెచ్ అంటే?”

“రెండు వందల పదండి.”

కమిషనర్‌గారి మొహం జేవురించింది. “అంటే, ఈ పట్టణ ప్రథమ అధికారిని నేను నూట ఎనభై. నా కింద చెత్తబుట్టలు చూసుకునే సుబ్బిశెట్టి రెండు వందల పది. బరువులో నేను ఎనభై ఎనిమిది, అతగాడు తొంభై ఒకటి. అవునా?”

“అది టైరు ఓపికండి, మనిషి హోదా కాదు. అయినా మన మెయిన్‌రోడ్డు గోతుల్లో ఏ బండీ ముప్ఫై దాటదు కదండి.”

“గోతులు ఇంజనీరింగు విభాగం పరిధిలోనివి. నేను మాట్లాడుతున్నది అధికార క్రమం గురించి. అవసరం పడి నేనూ సుబ్బిశెట్టీ ఒకేసారి పూర్తి వేగంతో బయలుదేరితే ఎవరు ముందుంటారు? చెప్పు!”

కనకలింగం చేతిలోని రిలీవింగ్ కాగితం మెల్లగా ముందుకు జరిపాడు. కమిషనర్‌గారు దాన్ని అంతే మెల్లగా వెనక్కి నెట్టారు.

“ఈ అరాచకమంతా నీ విభాగంలోదే. సరిదిద్ది వెళ్ళు. నేనేమన్నా ఉంచేసుకుంటానా నిన్ను?”

ఆ సాయంత్రం ఫోనులో హైమావతి అంతా విని, “టైర్ల మీదున్న అక్షరాలకీ మీరు ఇంటికి రావడానికీ ఏవిటండీ సంబంధం?” అంది. ఆవిడ అడిగిన దాంట్లో తప్పేముంది?

మర్నాడే ‘టైర్ల అంతస్తుల క్రమబద్ధీకరణ సంఘం’ సమావేశమైంది. బస్టాండు దగ్గర టైర్ల కొట్టు నడిపే గంధం బుల్లిసుబ్బారావుని సాంకేతిక సలహాదారుగా పిలిచారు. మొదట ఆయన నిజాయితీగానే, “అయ్యా, ఈ ఊరి వేగాలకి ఏ అక్షరవైనా ఒకటేనండి, ఆయ్! గాలి సరిగ్గా కొట్టించుకోండి చాలు” అన్నాడు. మున్సిపాలిటీ బండ్లన్నింటికీ టైర్లు మార్చే ఆలోచన ఉందని వినగానే ఆయన గొంతు మారిపోయింది. “అలాగని అక్షరాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదండి. అక్షరం అక్షరవే మరి!” అంటూ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

బుల్లిసుబ్బారావు అక్షరాలన్నీ వరసగా అప్పజెప్పాడు. ఎల్ నూట ఇరవై, ఎన్ నూట నలభై, క్యూ నూట అరవై, ఎస్ నూట ఎనభై, టి నూట తొంభై, యు రెండు వందలు, హెచ్ రెండు వందల పది, వి రెండు వందల నలభై...

“ఆగు,” అన్నారు కమిషనర్‌గారు. “యు తరవాత హెచ్ ఏమిటి? అక్షరమాలలో దాని స్థానమెక్కడ?”

“జి తరవాతండి.”

“మరి పదమూడు అక్షరాల సీనియారిటీని తొక్కేసి పైకెలా వెళ్ళింది? ఎవరిచ్చారు దానికి ప్రమోషను? ఏ ఉత్తర్వు కింద?”

“కంపెనీలవాళ్ళు ఎప్పట్నించో అలాగే పెట్టేశారండి.”

“ఎప్పట్నించో జరుగుతున్నది కనక సక్రమం అనుకోవడానికి వీల్లేదు. రేపు ఆ యు అక్షరంవారు కోర్టుకెక్కితే నేను ఏమని బదులు చెప్పాలి?”

సుబ్బిశెట్టికి చెమటలు పట్టాయి. తన కారుకున్నది ఆ హెచ్చే. “అయ్యా, నా అక్షరాన్ని ఇప్పుడు కిందకి దింపేస్తే ఊళ్ళో తలెత్తుకు తిరగలేనండి. మా బావమరిదికి కూడా చెప్పేశాను” అని బావురుమన్నాడు. నిన్నటి దాకా అతనికి టైరుమీద అక్షరం ఉంటుందనే తెలియదు.

హెచ్ దగ్గర ఫైలు ఆగిపోయింది. న్యాయ సలహా కోసం జిల్లాకి వెళ్ళింది. జిల్లావాళ్ళు ‘సదరు హెచ్ ఉద్యోగంలో చేరిన తేదీ తెలుపవలెను’ అని తిప్పి పంపారు. నెల సగం గడిచిపోయింది. కనకలింగానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇలాగే పోతే తను హెచ్‌తో కలిసి ఇక్కడే రిటైరవుతాడు. ఒకరోజు ఒళ్ళు మండి, కూర్చుని తనే ఒక నోటు రాసి పారేశాడు: ‘హెచ్ అక్షరమునకు ప్రత్యేక ప్రతిభ ప్రాతిపదికన పదోన్నతి కల్పింపబడినట్లు భావింపవచ్చును. దీనిని ఇతర అక్షరములు పూర్వోదాహరణగా కోరరాదు.’

కమిషనర్‌గారు ఆ నోటు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇంత పదునైన బుర్రని ఏలేటిపాడుకి ఎలా వదులుకోనయ్యా!” అన్నారు. తప్పించుకుందామని తవ్విన దారి తిన్నగా గోతిలోకే తీసుకెళ్ళింది.

ఇక అమలు మొదలైంది. ఛైర్మన్ బలుసు వెంకటరత్నంగారికి వై, అంటే మూడు వందలు. కమిషనర్‌గారికి డబ్ల్యూ, రెండు వందల డెబ్భై. ఇంజనీరుగారికి వి. అలా మెట్లు మెట్లుగా దిగుతూ వచ్చి చెత్త లారీల దగ్గర ఆగింది. ఛైర్మన్‌గారి పాత కారుకి సరిపడే సైజులో వై టైర్లు దేశం మొత్తం వెదికినా దొరకలేదు. బుల్లిసుబ్బారావు కాలికి బలపం కట్టుకుని తిరిగి, వేరే సైజువి తెచ్చాడు. అవి ఆ కారుకి పట్టలేదు. అందుకని టైర్లకి సరిపోయే కారు కొన్నారు. పాపం ఛైర్మన్‌గారికి కారు పడదు. సైకిలు వేగం దాటితే కడుపులో తిప్పుతుంది. జిల్లాలోకెల్లా వేగమైన టైర్లు జిల్లాలోకెల్లా నెమ్మదైన కారు కింద చేరాయి.

కొత్త టైర్ల పక్కన ఒక బాణం గుర్తుంది. టైరు ఎటు తిరిగేలా బిగించాలో మెకానిక్కుకి చెప్పే గుర్తు అది. కమిషనర్‌గారు దాన్ని కూడా చదివారు. “బాణం ముందుకి చూపిస్తుంటే బండిని వెనక్కి నడపడం ఉత్పత్తిదారు ఆదేశాన్ని ధిక్కరించడమే” అని రివర్సు గేరు నిషేధించారు. దాంతో ఆఫీసు ఆవరణలోకి వచ్చిన కార్లు బయటికి పోలేక బారులు తీరాయి. వెనక గోడ పగలగొట్టి దారి చేశారు. ఆ దారి చేపల మార్కెట్లోకి తేలింది. ఆ రోజు నుంచి గోపులంక అధికారులందరూ సాయంత్రం ఇళ్ళకి నీచు వాసనతో వెళ్ళేవారు.

పట్టణ పరిధిలో కింది అక్షరం బండి పై అక్షరం బండిని దాటరాదు అన్నది అసలు నిబంధన. ప్రతి కూడలిలో జెండా పట్టుకుని ఒక మనిషిని నిలబెట్టారు. మంచినీళ్ళ ట్యాంకరుకి దక్కింది ఎల్. దాని ముందు సుబ్బిశెట్టి కారు టీకొట్టు దగ్గర ఆగితే, ట్యాంకరు కూడా వెనకే ఆగి, ఆయన టీ తాగి, పేపరు చదివి, మళ్ళీ కదిలే దాకా నిలబడాల్సిందే. నీళ్ళు రాక రెల్లిపేట వాళ్ళు బిందెలతో ఆఫీసు మీద పడ్డారు. తలుపులు లేవు గనక తిన్నగా కమిషనర్‌గారి బల్ల దాకా వచ్చేశారు.

“నీలెప్పుడొత్తాయి బాబూ?” అని నిలదీసింది ముందున్న పల్లాలమ్మ.

“అమ్మా, నీటి సరఫరాకు నిర్దేశించిన అక్షరం ఎల్. దానికి గంటకు నూట ఇరవై కిలోమీటర్ల అర్హత ఉంది. సాంకేతికంగా మీ పేటకి రెండు నిమిషాల్లో నీరు చేరుతోంది.”

“సేరిందా మరి?”

“అర్హత ఉందంటున్నాను కదమ్మా.”

పల్లాలమ్మ ఖాళీ బిందె తీసి ఆయన బల్లమీద, ఫైళ్ళ నడుమ ఠపీమని పెట్టింది. “అయితే దీంట్లో ఆ అరగతే పోసి ఇయ్యి బాబూ. అన్నం దాంతోనే వొండుకుంటాం.”

కమిషనర్‌గారు కనకలింగం వంక చూశారు. కనకలింగం నేల వంక చూశాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. హెచ్‌కి దారి చేసిపెట్టిన నోటు తనది. ఆ నోటు లేకపోతే ఈ ఫైలు హెచ్ దగ్గరే మూలిగేది, ఈవిడ బిందె నిండేది. ఆ మధ్యాహ్నమే ట్యాంకరు డ్రైవరుని పిలిచి, ఎదర ఎవరున్నా సరే చేపల మార్కెట్టు సందులోంచి వెళ్ళిపొమ్మని చెవిలో చెప్పాడు. నీళ్ళు చేరాయి. కాకపోతే కమిషనర్‌గారు దాన్ని ఎల్ అక్షరం సాధించిన విజయంగా రాష్ట్ర కార్యాలయానికి నివేదిక పంపారు.

నివేదిక అందుకుని రాష్ట్రస్థాయి పరిశీలక బృందం రానే వచ్చింది, సరిగ్గా నెల చివరి రోజున. ఆ రోజు సాయంత్రంలోగా కనకలింగం ఏలేటిపాడులో చేరకపోతే అంతే సంగతులు. పొద్దున్నే హైమావతి ఫోను చేసింది. “నేను సెలవు పెట్టాను. గుత్తొంకాయ వండుతున్నాను. వస్తారా, రారా? ఒక్కటే చెప్పండి” అంది. గొంతులో కోపంకన్నా బెంగే ఎక్కువుంది. “చచ్చినా వస్తాను” అన్నాడు. అనేశాక ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలియలేదు.

పోర్టికోలో బృందం తాలూకు బండి ఆగి ఉంది. కనకలింగం దాని చుట్టూ ఒక్కసారి తిరిగి, ఏమీ ఎరగనట్టు కమిషనర్‌గారి దగ్గరికి వెళ్ళాడు. “సార్, వాళ్ళ బండి టైరుమీద ఎం ప్లస్ ఎస్ అని రెండక్షరాలు కలిపి ఉన్నాయండి. నాకు పాలుపోవడం లేదు.”

అది బురదలోనూ మంచులోనూ పట్టు ఉండే టైరని చెప్పే గుర్తు. కనకలింగానికి తెలుసు. కమిషనర్‌గారికి తెలియదు. ఆయన పరుగున వెళ్ళి గొంతుక్కూర్చున్నారు. “రెండు హోదాలా! అంటే ఎం వారికి ఎస్ అదనపు బాధ్యతలు అప్పగించారన్నమాట! అదనపు భత్యం ఇస్తున్నారా? ఇది మనకి ఎందుకు తట్టలేదయ్యా?”

“అందుకేనండి, పరిశీలన నిమిత్తం ఒక కాగితం తయారు చేశాను.”

టైరు మీంచి చూపు తిప్పకుండా ఆయన చెయ్యి చాచారు. కనకలింగం పెన్ను అందించాడు. లోకంలో కనబడిన ప్రతి అక్షరమూ చదివే మనిషి, తన చేతికిందున్న రిలీవింగ్ ఉత్తర్వు చదవకుండా సంతకం పెట్టేశారు. కనకలింగం ఆ కాగితం జేబులో పెట్టుకుని, ట్రంకుపెట్టెనీ పరుపుచుట్టనీ దేవుడికొదిలేసి బస్సెక్కాడు.

బస్సు ఊరి చివర వంతెన మొదట్లో ఆగిపోయింది. పరిశీలక బృందానికి ప్రదర్శనగా మున్సిపాలిటీ బండ్లన్నీ అక్షర క్రమంలో ఊరేగింపుగా బయలుదేరాయట. అందరికంటే ముందు ఛైర్మన్‌గారు, మూడు వందల టైర్లమీద, కడుపులో తిప్పకుండా తాబేలు నడకలో పోతున్నారు. వెనక రెండు వందల డెబ్భై, ఆ వెనక బృందం, ఆ వెనక రెండు వందల నలభై, ఆ వెనక ప్రతిభావంతుడైన హెచ్. చిట్టచివర ఈ బస్సు. జెండా మనిషి అడ్డంగా నిలబడి ఎవరినీ కదలనివ్వడం లేదు.

“దాటిపోవయ్యా బాబూ!” అని కనకలింగం డ్రైవరుని బతిమాలాడు.

“నా అచ్చరం తక్కువదంటండి. మీ ఆఫీసోళ్ళే కదండీ పెట్టింది?”

దానికేం చెబుతాడు? దిగి చూస్తే వంతెన పక్కన ఐసుఫ్రూటు అమ్మే పెద్దాయన సైకిలు ఆపుకుని తమాషా చూస్తున్నాడు. కనకలింగం ఆయన చేతులు పట్టుకున్నాడు. “అవతల కూడలి దాకా తొక్కుకెళ్ళి, అక్కడ కిళ్ళీకొట్లో పెట్టేస్తాను. మా ఆవిడ ఎదురుచూస్తోంది బాబాయ్” అన్నాడు. ముసలాయన ఇతని మొహం ఒకసారి ఎగాదిగా చూసి, ఐసుపెట్టె దింపి, సైకిలు ఇచ్చేశాడు.

జెండా మనిషి అడ్డొచ్చాడు. “మీ అచ్చరం ఏటండి?”

“సైకిలు టైరుకి వేగం అక్షరం లేదు.”

అతను సైకిలు చుట్టూ తిరిగి, రెండు చక్రాలూ తడిమి చూసి, నెత్తి గోక్కున్నాడు. “అచ్చరం లేనోళ్ళకి రూలేటీ సెప్పలేదండి. ఎల్లండి!”

కనకలింగం తొక్కాడు. ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చున్న ఒళ్ళు మూలిగినా ఆగకుండా తొక్కాడు. ఎల్‌ని దాటాడు, ఎస్‌ని దాటాడు, కిటికీలోంచి నోరు తెరిచిన సుబ్బిశెట్టిని దాటాడు, బృందాన్ని దాటాడు, “కనకలింగం! ఆగవయ్యా!” అంటున్న రెండు వందల డెబ్భైని దాటాడు. మూడు వందల పక్క నించి పోతుంటే ఛైర్మన్‌గారు అద్దం దించి, “నెమ్మదయ్యా, కళ్ళు తిరుగుతాయ్!” అని హెచ్చరించారు. అతనికి నవ్వాగలేదు. ఎన్నాళ్ళకి నవ్వాడో!

కూడలిలో కిళ్ళీకొట్టుకి సైకిలు అప్పజెప్పి, మిగతా బస్సులు మారి, ఏలేటిపాడు మున్సిపాలిటీలో తాళాలు వేసే వేళకి ఒగరుస్తూ వెళ్ళి చేరిక పత్రం ఇచ్చాడు. అక్కణ్ణుంచి తిన్నగా క్వార్టరుకి నడిచాడు. హైమావతి తలుపు తీసి, చెమటతో తడిసిపోయిన మొగుణ్ణి చూసి, చెంబుతో నీళ్ళిచ్చింది. కళ్ళొత్తుకుని లోపలికెళ్ళి కంచం పెట్టింది. గుత్తొంకాయ, ముద్దపప్పు, వేడివేడి అన్నం. కనకలింగం మొదటి ముద్ద కలిపాడో లేదో, ఫోను మోగింది.

కమిషనర్‌గారి గొంతు పొంగిపోతోంది. “కనకలింగం! బృందంవారు పరవశించిపోయారయ్యా! అన్ని అక్షరాలనీ దాటిపోయిన ఆ సైకిలు అధికారి ఎవరన్నారు. ఈ విధానానికి మెదడు అతనేనని చెప్పాను. రాష్ట్రమంతా అమలు చేస్తారట. గోపులంకలో శిక్షణ కేంద్రం పెడుతున్నారు. నిన్ను డెప్యుటేషన్ మీద దానికి ప్రత్యేకాధికారిగా వేశారు, తక్షణం చేరాలి. అక్షరం లేని బండ్లకి అక్షరాలు కేటాయించడం నీ మొదటి పని. ఊరేగింపు ఇంకా ఆ రోడ్డుమీదే ఉందిగానీ, ఇప్పుడే కారు బయలుదేరదీశాను. వి అక్షరం కారయ్యా నీకు!”

కనకలింగం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నెలరోజులు కుస్తీ పట్టి సంపాదించుకున్న కాపురం ఒక్క ముద్ద దాకా కూడా రాలేదు. జరిగిందంతా హైమావతికి చెప్పాడు.

హైమావతి ఓపిగ్గా అంతా విన్నది. “కారు పంపారా? ఏ అక్షరమట?”

“వి. రెండు వందల నలభై.”

“ముందు ఆ ఛైర్మన్‌గారి కారు పోతోందన్నారు కదా?”

“ఆఁ.”

“దాన్ని దాటకూడదు కదా?”

“కూడదు.”

హైమావతి లేచి వెళ్ళి వీధి తలుపు గడియ వేసి వచ్చి, అతని కంచంలో ఇంకో వంకాయ వేసింది.

“అయితే ఆ కారు ఇక్కడికి చేరేసరికి నాకు రిటైర్‌మెంటొస్తుంది. నెయ్యి వేసుకుని తినండి.”